ఆ పొట్టేలు మనకెప్పుడు దొరుకుతుంది?

2025 మే నెలాఖర్లో మా బావ ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపాడు. కశ్మీర్‌లో సైంటిస్టులు జన్యువులు మార్చి కొత్త రకం గొర్రెను పుట్టించారట, మామూలు గొర్రెకి డబుల్ మటన్ వస్తుందట, కింద ఎక్కడిదో తెలియని ఓ భారీ విదేశీ పొట్టేలు ఫొటో. ఆ వెంటనే వాయిస్ మెసేజ్: "ఏం బామ్మర్దీ, గిది నిజమేనా? నిజమైతే ఒక్క పొట్టేలు దొరుకుతదా మనకు? రేటు ఎంతైనా పర్వాలే." మా బావది నారాయణపేట వైపు. నూరు దాటిన మంద ఉంది. సంతలో పొట్టేలు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పేస్తాడు, వంద రూపాయల దగ్గర గంటసేపు బేరమాడతాడు. అలాంటి మనిషి రేటు ఎంతైనా పర్వాలేదన్నాడంటే బాగా ఆశ పుట్టిందన్నమాట. అప్పటికి ఏదో పొడిపొడిగా చెప్పి తప్పించుకున్నాను గానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే "నిజమేనా" అన్నదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు, "దొరుకుతదా" అన్నదానికి మాత్రం అసలు కథంతా చెప్పాలి.

ముందు నిజం సంగతి. నిజమే. శ్రీనగర్‌లోని షేర్-ఎ-కశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రియాజ్ అహ్మద్ షా బృందం నాలుగేళ్లు పనిచేసి దాన్ని పుట్టించింది. 2012లో నూరీ అనే పష్మీనా మేకపిల్లను క్లోనింగ్‌తో పుట్టించిందీ వీళ్లే. ఈ గొర్రెపిల్ల 2024 డిసెంబరులో పుట్టింది, పేరు తర్మీమ్. ఉర్దూలో తర్మీమ్ అంటే సవరణ, రాజ్యాంగ సవరణను కూడా ఆ మాటతోనే అంటారు. పేరు మాత్రం సరిగ్గా పెట్టారు. దాంతో పాటు జంటగా పుట్టిన చెల్లెలికి జీన్ ఎడిటింగ్, అంటే జన్యువులో ఆ మార్పు, జరగలేదు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెంచుతూ తేడా చూస్తున్నారు. ఫార్వర్డ్‌లో చెప్పినట్టు డబుల్ మటన్ ఏమీ కాదు, కండ 30 శాతం దాకా పెరగొచ్చని వాళ్ల అంచనా.

కండ పెరగడానికి వాళ్లు ఏదో కొత్తది ఎక్కించారని చాలామంది అనుకుంటున్నారు. ఎక్కించలేదు, ఉన్నదాన్ని పనిచేయకుండా చేశారు. మయోస్టాటిన్ అనే జన్యువు ఒకటి ఉంటుంది, గొర్రెకే కాదు మనకీ ఉంటుంది, కండ ఇంతవరకు పెరిగింది ఇక చాలు అని ఆపే బ్రేకు అది. ఆ బ్రేకు తీసేస్తే కండ పెరుగుతూ పోతుంది. ఇది మనుషుల ఐడియా కూడా కాదు. బెల్జియం దేశపు బెల్జియన్ బ్లూ ఆవుల్లో ఇదే జన్యువులో 11 డీఎన్ఏ అక్షరాలు వాటంతటవే ఎప్పుడో ఎగిరిపోయాయి, అందుకే అవి పహిల్వాన్లలా కనిపిస్తాయి. టెక్సెల్ అనే యూరప్ గొర్రెల్లో కూడా ఇదే జన్యువు కాస్త తేడాగా ఉంటుంది. అయితే ఫార్వర్డ్‌లు చెప్పని ముక్క ఒకటుంది. బెల్జియన్ బ్లూ ఆవులు మామూలుగా ఈనలేవు, దూడ మరీ కండతో పుడుతుంది కాబట్టి చాలావరకు ప్రతి ఈతకీ సిజేరియన్ చేయాల్సిందే. బ్రేకు ఎంత తీయాలన్నది కూడా చూసుకోవాలన్నమాట. రాత్రి రెండు గంటలకు గుట్ట మీద ఈనే గొర్రెకు సిజేరియన్ ఎవరు చేస్తారు?

ఇప్పుడు ఆ జన్యువును తెంపే కత్తెర సంగతి. గొర్రె డీఎన్ఏలో దాదాపు 270 కోట్ల అక్షరాలుంటాయి. అందులో ఒక్క చోటికి వెళ్లి కోయాలంటే చిరునామా కావాలి కదా, పహాణీలో సర్వే నంబరు లేకుండా పొలం ఎక్కడుందో చెప్పలేనట్టే. క్రిస్పర్ అనే పద్ధతిలో 20 అక్షరాల ఆనవాలు ఒకటి తయారుచేసి కోసే ప్రొటీన్‌కి జత చేస్తారు, అది ఆ 20 అక్షరాలు సరిపోయే చోటు వెతుక్కుంటూ వెళ్లి అక్కడ రెండు పోగులనూ తెంపుతుంది. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పాంటియర్ దీన్ని చూపించారు, 2020లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంతకుముందు కూడా ఇలాంటి కత్తెరలు ఉన్నాయి గానీ, ప్రతి చోటికీ కొత్త ప్రొటీన్ కట్టుకోవాల్సి వచ్చేది, ఖర్చు, టైము రెండూ ఎక్కువే.

తెంపడం వరకే కత్తెర పని. అతికించేది కణమే, అసలు తేడాలన్నీ అక్కడే వస్తాయి. పగ్గం తెగితే రెండు కొసలూ కలిపి గబగబా ముడేస్తాం చూడండి, కణం కూడా చాలాసార్లు అంతే చేస్తుంది, ఆ ముడిలో నాలుగైదు అక్షరాలు పోతాయి, ఆ జన్యువు ఇక చదవడానికి రాదు. ఏదైనా జన్యువును ఆపేయాలంటే ఇది చాలు, తర్మీమ్‌లో జరిగింది ఈ రకం పనే. కానీ ఆపడం కాదు, ఒక పదం తీసి దాని స్థానంలో ఇంకో పదం పెట్టాలంటే మాత్రం కణానికి ఒక నమూనా ఇవ్వాలి, ఇదిగో ఇది చూసి రాసుకో అని. అది చూసి రాసుకుంటుందో, చూడకుండా ముడేసేస్తుందో, నమూనా కాగితాన్నే తెచ్చి పుస్తకంలో అతికించేసుకుంటుందో చెప్పలేం. చివరిది ఉత్త ఊహ కాదు, నిజంగా జరిగింది. దాని దగ్గరకి వస్తాను.

అంతకుముందు ఒక చిన్న చిక్కు విప్పాలి. జీఎం, అంటే జన్యుమార్పిడి, అన్నా ఇదే కదా అని అడుగుతారు. 2015లో అమెరికా అనుమతించిన ఆక్వాఅడ్వాంటేజ్ సాల్మన్ చేప ఉంది, దానిలో వేరే జాతి సాల్మన్ నుంచి ఎదుగుదల హార్మోను జన్యువు, ఓషన్ పౌట్ అనే ఇంకో చేప నుంచి దాన్ని నడిపించే స్విచ్చు తెచ్చి పెట్టారు. అది జీఎం. అనుమతికే ఇరవై ఏళ్లు పట్టింది, చివరికి 2024లో ఆ కంపెనీ చేపల పెంపకమే ఆపేసింది. ఎడిటింగ్‌లో సాధారణంగా బయటి జాతి జన్యువు ఉండదు, ఆ జాతిలోనే ఎక్కడో సహజంగా ఉన్న మార్పును ఇంకో జంతువులో చేస్తారు. ఇదే మయోస్టాటిన్ జన్యువును ఆపేసిన సముద్రపు చేపను, తినే భాగం సుమారు 1.2 రెట్లు ఎక్కువుండేదాన్ని, జపాన్‌లో 2021 నుంచే అమ్ముతున్నారు. అయితే "సాధారణంగా" అన్న మాటను మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక బూరి అనే ఎద్దు కథ. అమెరికాలో పాడి ఆవుల దూడలకు పుట్టిన కొన్ని వారాల్లోనే కొమ్ముల మొలకలు కాల్చేస్తారు, ఒకదాన్నొకటి పొడుచుకోకుండా, పనివాళ్లకి దెబ్బలు తగలకుండా. మనం కనుమ రోజు కొమ్ములకి రంగులేసి దండం పెడతాం, వాళ్లకేమో కొమ్ములే తలనొప్పి. నొప్పి దూడకి, ఖర్చు రైతుకి. ఆంగస్ అనే మాంసపు జాతిలో పుట్టుకతోనే కొమ్ములు రావు, మన మాటలో బోడి ఆవులు. ఆ బోడితనానికి కారణం డీఎన్ఏలో ఒక్క చోట ఉన్న తేడానే. మరి పాలిచ్చే హోల్‌స్టీన్‌ని ఆంగస్‌తో దాటిస్తే? బోడి దూడ వస్తుంది గానీ పాలు పడిపోతాయి, ఆ పాలు తిరిగి తెచ్చుకోవడానికి తరాలు తరాలు మళ్లీ హోల్‌స్టీన్‌తోనే కలుపుతూ పోవాలి. మినసోటాలోని రీకాంబినెటిక్స్ అనే కంపెనీ ఆ ఒక్క మార్పును నేరుగా హోల్‌స్టీన్ కణాల్లో చేసి, ఆ కణాలను క్లోనింగ్ చేసి, 2015లో రెండు బోడి కోడెదూడలను పుట్టించింది. పేర్లు స్పాటిజీ, బూరి. 2016లో వచ్చిన పరిశోధన పత్రంలో అనుకోని మార్పులేమీ కనబడలేదని రాశారు. పేపర్లన్నీ పొగిడాయి.

బూరిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌కి తెచ్చారు, ఆలిసన్ వాన్ ఈనెన్నామ్ అనే శాస్త్రవేత్త దాని వీర్యంతో కొమ్ములున్న ఆవులను చూడి కట్టించింది. ఆరు దూడలు పుట్టాయి, ఆరూ బోడివే. ఐదు కోడెలు, ఒక పెయ్య. ఆ పెయ్యకి ప్రిన్సెస్ అని పేరు పెట్టారు. అప్పటికే బ్రెజిల్ ఈ ఎద్దులకు ప్రత్యేక అనుమతులేమీ అక్కర్లేదని చెప్పేసింది, అక్కడ బోడి పాడి మందను తయారుచేసే ప్లాన్ కూడా నడుస్తోంది. ఈలోగా 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు బూరి డీఎన్ఏ డేటాను మళ్లీ తిరగేశారు, ఈసారి కొత్త కంప్యూటర్ పద్ధతితో. చూస్తే ఏముంది, నమూనాగా ఇచ్చిన డీఎన్ఏను మోసుకెళ్లిన బ్యాక్టీరియా ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో ఉండే గుండ్రటి డీఎన్ఏ ముక్క) మొత్తం బూరి డీఎన్ఏలో అతుక్కుని ఉంది. దాంతో పాటు యాంటీబయాటిక్‌లకు లొంగకుండా చేసే రెండు జన్యువులు కూడా. నమూనా కాగితాన్ని చూసి రాసుకోమంటే, కణం ఆ కాగితాన్ని అట్టతో సహా కుట్టేసుకుందన్నమాట. ఆరు దూడల్లో నాలుగింటికి అది వారసత్వంగా వచ్చింది. బ్రెజిల్ ప్లాన్ ఆగిపోయింది. ప్రిన్సెస్‌ని పాల పరీక్షల కోసం ఉంచి, మిగతా దూడలను చంపి దహనం చేశారు.

ఈ కథను ఎడిటింగ్ వ్యతిరేకులు ఒకలా చెబుతారు, అనుకూలురు ఇంకోలా. నాకేమనిపిస్తుందంటే, తప్పు జరగడం పెద్ద విషయం కాదు, అది మూడు నాలుగేళ్లు ఎవరికీ కనబడకపోవడం పెద్ద విషయం. కత్తెర తప్పు చోట కోసిందేమో అని వెతికారు, కోసిన చోటే ఏం అతుక్కుందో అటువైపు చూడలేదు. బ్యాక్టీరియా ముక్క ఆ కోసిన చోటే ఉంది, ఆ డేటాలోనే ఉంది. మాంసం తిన్నవాళ్లకి దానివల్ల ఏదో అయిపోతుందని నేను అనడం లేదు, తిన్న డీఎన్ఏ ఎవరిదైనా కడుపులో అరిగిపోవాల్సిందే. కానీ ఇది బయటి జన్యువులు లేని ఎడిటింగ్ కాబట్టి రూల్స్ అక్కర్లేదు అన్న వాదన మొత్తం "బయటివి లేవు" అన్న మాట మీదే నిలబడి ఉంది. లేవని చూపించాల్సింది చేసినవాళ్లే, అది కూడా పూర్తి డీఎన్ఏ చదివి, వీలైతే ఇంకొకరి చేత చదివించి.

ఆ రీకాంబినెటిక్స్‌కే చెందిన అక్సెలిజెన్ అనే కంపెనీ తర్వాత వేరే పని చేసింది. కరీబియన్ దీవుల సెనెపోల్ జాతి పశువులకు వెంట్రుకలు పొట్టిగా, నున్నగా ఉంటాయి, ఎండను బాగా తట్టుకుంటాయి, దానికి కారణం ఒకే ఒక్క జన్యువులో ఉన్న చిన్న తేడా. ఆ మార్పును మాంసపు దూడలలో చేశారు, 2022 మార్చిలో ఎఫ్‌డీఏ ఇది తక్కువ రిస్కు ఉన్నదని చెప్పి అమ్ముకోవడానికి దారి ఇచ్చింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, మన ఒంగోలు జాతి వందేళ్ల కిందటే బ్రెజిల్ వెళ్లి నెల్లోర్ అన్న పేరుతో ఆ దేశపు మందలో పెద్ద భాగమైపోయింది కదా, ఎండకు తట్టుకునే పశువు కోసం వీళ్లకి కత్తెరలు దేనికి అని. కానీ నవ్వడం తొందరపాటే. ఒంగోలు ఎద్దు ఎండను తట్టుకునేది ఒక్క జన్యువుతో కాదు. చర్మం, చెమట, ఒంట్లో పుట్టే వేడి, అన్నీ కలిసి చేసే పని అది, దాన్ని ముక్కగా కోసి ఇంకో ఆవుకి పెట్టలేం. రోజుకి ఎన్ని లీటర్లిస్తుందన్నదీ అంతే, వేల చోట్ల చిన్న చిన్న తేడాల మొత్తం. ఏదైనా ఎడిటింగ్ వార్త కనబడితే ముందు చూసుకోవాల్సింది ఇదే, ఆ లక్షణం ఒక్క జన్యువు చేతిలో ఉందా, వందల చేతుల్లో ఉందా. ఒక్కదాని చేతిలో ఉంటేనే ప్రస్తుతానికి ఈ కత్తెరకు పని. వైశాఖంలో రొప్పుతూ నాలుక బయటపెట్టే మన జెర్సీ, హెచ్ఎఫ్ సంకర ఆవులకు ఆ నున్నటి వెంట్రుకల మార్పు కొంత పనికి రావచ్చు. కొంతే.

ఒక్క జన్యువుతో తేలే సమస్యలు ఎక్కువగా రోగాల్లో దొరుకుతున్నాయి. పందులకు పీఆర్‌ఆర్‌ఎస్ అనే వైరస్ జబ్బుంది, చూడి పందులు ఈసుకుపోతాయి, పిల్లలు ఊపిరాడక చనిపోతాయి. అమెరికా పంది రైతులకు ఏడాదికి 120 కోట్ల డాలర్ల నష్టమని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం లెక్క. మన దేశంలో 2013లో మిజోరంలో బయటపడింది. ఈ వైరస్ కణంలోకి వెళ్లడానికి సీడీ163 అనే ప్రొటీన్‌ను తలుపులా వాడుకుంటుంది. 2015లో మిసోరి విశ్వవిద్యాలయంలో రాండల్ ప్రాథర్ బృందం ఆ తలుపు లేని పందులను పుట్టించి, జబ్బు చేసిన పందులతో ఒకే దొడ్లో ఉంచింది. పక్కవన్నీ దగ్గుతుంటే ఇవి మామూలుగా మేత తింటూ ఉన్నాయి. తర్వాత ఎడిన్‌బరోలోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తలుపు మొత్తం తీయక్కర్లేదు, వైరస్ పట్టుకునే గడియ ఒక్కటి తీసేస్తే చాలని చూపించారు, తలుపుకి ఒంట్లో వేరే పనులు కూడా ఉంటాయి కాబట్టి అది మంచిది. పీఐసీ అనే పంది జాతుల కంపెనీ ఆ దారిలో వెళ్లింది, 2025 ఏప్రిల్ 30న ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అనుమతి వచ్చినా వెంటనే అమ్మలేదు, మెక్సికో, జపాన్ లాంటి కొనే దేశాలు కూడా ఒప్పుకోవాలి కదా.

ఇలాంటివన్నీ గెలుస్తాయని కాదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వస్తే ఊరపంది చచ్చిపోతుంది, ఆఫ్రికా అడవిపంది వార్ట్‌హాగ్‌కి ఏమీ కాదు. ఒక జన్యువులో వార్ట్‌హాగ్‌కి ఉన్న తేడాను ఊరపందిలో రాశారు రోస్లిన్ వాళ్లే. 2020లో ఫలితం వచ్చింది, పందులకు జబ్బు అలాగే వచ్చింది.

కోళ్ల కథ నాకు ఇంకా ఇష్టం. బర్డ్‌ఫ్లూ వైరస్ పెరగడానికి కోడిలోని ఏఎన్‌పీ32ఏ అనే ప్రొటీన్‌ను వాడుకుంటుంది. అందులో రెండు చోట్ల చిన్న మార్పు చేస్తే, మామూలు మోతాదులో వైరస్ ఇచ్చినప్పుడు పదింటిలో తొమ్మిది కోళ్లకి అంటలేదు. 2023లో వచ్చిన ఫలితం ఇది. వెయ్యి రెట్లు ఎక్కువ వైరస్ ఇచ్చి చూస్తే సగం కోళ్లకి అంటింది. అంతేకాదు, ఆ కోళ్లలో వైరస్ మారిపోయి, ఆ ప్రొటీన్ తోబుట్టువులను, అంటే దాన్ని పోలిన ఇంకో రెండు ప్రొటీన్లను, వాడుకోవడం నేర్చుకుంది. అంటే ఒక్క తాళం సరిపోదు, మూడు తాళాలు వేయాలి, మూడూ వేసినా కోడి బతకాలి. సగం తట్టుకునే కోళ్లను లక్షల్లో పెంచితే వైరస్‌కి మనమే ట్యూషన్ చెప్పినట్టవుతుంది. ఈ విషయం ఆ శాస్త్రవేత్తలే దాచకుండా చెప్పారు, అందుకే నాకు ఇష్టం అన్నాను.

కోళ్లలోనే ఇంకోటి. మన సంతల్లో, బస్టాండ్ల దగ్గర గులాబీ, పచ్చ రంగులేసిన కోడిపిల్లలు బుట్టల్లో అమ్ముతుంటారు, పిల్లలు ఏడ్చి కొనిపిస్తారు, రెండ్రోజుల్లో చచ్చిపోతాయి. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో పుట్టిన పుంజులు. గుడ్డు పెట్టవు, మాంసానికి లాభంగా పెరగవు. ప్రపంచంలో ఏటా సుమారు 700 కోట్ల మగపిల్లలను పుట్టిన రోజే చంపేస్తారని అంచనా. ఇజ్రాయెల్‌లోని వోల్కాని సంస్థ 2022లో గోల్డా అనే కోడిని చూపించింది. పక్షుల్లో లింగం తల్లి నుంచి తేలుతుంది, తల్లికి ఉన్న జెడ్ అనే క్రోమోజోమ్ కొడుకులకే పోతుంది, కూతుళ్లకి పోదు. ఆ జెడ్‌లో ఒక స్విచ్చు పెట్టారు. గుడ్ల మీద కొన్ని గంటలు నీలం లైటు వేస్తే మగ పిండాలు అక్కడితో ఎదగడం ఆగిపోతాయి. పొదిగేవి పెట్టలు మాత్రమే, వాటిలో ఆ స్విచ్చు ఉండదు, వాటి గుడ్లు మామూలు గుడ్లే. తెలివంటే ఇది.

ఇక బావ ప్రశ్నకి వస్తున్నాను. ఇప్పటిదాకా బజారు దగ్గరికి వచ్చినవేమిటో ఒకసారి చూడండి. ఎక్కువగా చేపలు, పందులు. చేప ఒక్కసారికి వేల గుడ్లు పెడుతుంది. పంది ఈతకి పది పన్నెండు పిల్లలేస్తుంది. పైగా అమెరికాలో జాతి పందులు నాలుగైదు కంపెనీల చేతుల్లో ఉన్నాయి, పైన కొన్ని వందల పందుల్లో మార్పు చేస్తే అది మెట్లు దిగినట్టు కింద లక్షల పందుల దాకా వస్తుంది. గొర్రె ఈతకి ఒక్క పిల్ల. ఆవు ఏడాదికో ఏడాదిన్నరకో ఒకటి.

తర్మీమ్ విషయమే తీసుకుంటే, అన్ని ప్రయత్నాలకీ ఐదు పిల్లలు బతికి పుడితే వాటిలో ఒక్కదానికే మార్పు పట్టింది. పిండం ఒక కణంగా ఉన్నప్పుడే కత్తెర లోపలికి పంపాలి, అది రెండు నాలుగు కణాలయ్యాక కోస్తే ఒంట్లో కొన్ని కణాల్లో మార్పు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, కలగాపులగం. కండలో మార్పు కనిపించి వీర్యంలో లేకపోతే అది పొట్టేలుగా పనికిరాదు, చూడ్డానికి ఎంత బాగున్నా. క్లోనింగ్ దారిలో వెళ్తే ఈ కలగాపులగం రాదు గానీ, వంద పిండాలు పెడితే నాలుగైదు నిలవడమే గొప్ప. కోడిలో ఇంకో గొడవ, గుడ్డు మన చేతికొచ్చేసరికే లోపల పిండం వేల కణాలైపోయి ఉంటుంది, అందుకని పిండంలోని తొలి బీజకణాలను తీసి, బయట మార్చి, వేరే పిండంలో పెట్టాలి.

సరే, మంచి పొట్టేలు ఒకటి వచ్చిందనుకుందాం. దానికి మార్పు ఒక ప్రతిలోనే ఉంటే పిల్లల్లో సగానికే వస్తుంది. పూర్తి ఫలితం కావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు ప్రతులూ ఉండాలి. మొదట్లో ఉన్నది ఒక్క పొట్టేలే కాబట్టి దాని పిల్లల్నే వాటిలో వాటికి కలపాలి, అంటే మందలో మేనరికం. మేనరికం మందకి ఏం చేస్తుందో గొల్లకురుమలకు నేను చెప్పక్కర్లేదు, అందుకే కదా రెండు మూడేళ్లకోసారి పొట్టేలును వేరే ఊరి మందతో మార్చుకుంటారు. ఇది తప్పించాలంటే వేర్వేరు రక్తాల నుంచి పదిపదిహేను జంతువుల్లో విడివిడిగా ఎడిటింగ్ చేయాలి. ఖర్చు ఎక్కడికి పోతుందో చూడండి. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ గొర్రెలున్నది తెలంగాణలో, 2019 పశుగణన ప్రకారం 1.9 కోట్లు, ఆ తర్వాత ఆంధ్రలో 1.76 కోట్లు. ఇన్ని కోట్లలో ఏ గొర్రెకి ఏ పొట్టేలు తండ్రో రాసిపెట్టిన పుస్తకం ఎన్ని మందలకి ఉంది? కత్తెర రేపే ఊరికే ఇచ్చినా, దాన్ని దేనిమీద వాడాలో చెప్పే లెక్క మన దగ్గర లేదు. నా బాధ అదీ.

కత్తెర లేకుండానే ఒక్క జన్యువును మందలోకి తెచ్చిన కథ మన పక్కనే ఉంది. సుందర్‌బన్స్‌లో గరోల్ అనే బుడ్డ గొర్రెలుంటాయి, పది పదిహేను కేజీలే, కానీ ఈతకి రెండు, మూడు పిల్లలేస్తాయి. కారణం ఒకే జన్యువులో ఒకే అక్షరం తేడా, ఫెక్‌బి అంటారు. 1792-93లో కలకత్తా నుంచి సిడ్నీకి ఓడల్లో వెళ్లిన బెంగాల్ గొర్రెల ద్వారా ఇది ఆస్ట్రేలియాకీ పోయింది, అక్కడ బూరూలా మెరీనో అని పేరు తెచ్చుకుంది. మహారాష్ట్రలో ఫల్టణ్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు ఈ గరోల్‌ను దక్కనీ గొర్రెతో దాటించారు. దక్కనీ అంటే మన గొంగడి నేసే నల్ల ఉన్ని గొర్రె. మొదటి తరం పిల్లలు చిన్నవి, వాటిని మళ్లీ దక్కనీతో, మళ్లీ దక్కనీతో, ప్రతి తరంలో రక్తపరీక్ష చేసి ఆ ఒక్క అక్షరం ఉన్నవాటినే ఉంచుకుంటూ పోయారు. పదేళ్లకు పైగా పట్టింది. చివరికి నారీ సువర్ణ వచ్చింది, ఒడ్డూ పొడుగూ దక్కనీది, చాలా ఈతలకి జంట పిల్లలు. ఎడిటింగ్‌తో అయితే ఈ తరాల పని ఒక్క తరంలో అయిపోతుందని చెబుతారు, అది నిజమే. కానీ ఆ పదేళ్లలో వాళ్లు చేసింది జన్యువు ఎక్కించడం ఒక్కటే కాదు, ఆ గొర్రెలను ఊళ్లలో మందల్లో పెట్టి, జంట పిల్లలకి పాలు చాలుతున్నాయా, తల్లికి అదనంగా ఏం పెట్టాలి, అన్నీ చూసుకున్నారు. ఆ పనికి ఏ కత్తెరా షార్ట్‌కట్ కాదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మన దేశంలో 2022 మార్చి 30న బయటి జన్యువు లేని ఎడిటింగ్ పంటలను 1989 నాటి కఠినమైన జీఎం నిబంధనల నుంచి చాలావరకు తప్పించారు. ఆ దారిలోనే 2025 మేలో రెండు వరి రకాలు ప్రకటించారు, రెండిటికీ మూలం మన విత్తనాలే. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ బాపట్ల సాంబ మసూరి నుంచి కమల చేసింది, ఢిల్లీ పూసా సంస్థ మారుటేరు 1010 నుంచి ఇంకోటి. ఆ మినహాయింపు మొక్కలకే, పశువులకు లేదు. తర్మీమ్ ఇప్పటికీ 1989 నిబంధనల కిందే ఉంది, అంటే అది పరిశోధన జంతువు, సంతకి రాదు. ఇంగ్లండ్ 2023లో తెచ్చిన చట్టంలో పశువులను కూడా చేర్చారు, కానీ అమలు మాత్రం మొక్కలతోనే మొదలుపెట్టారు, పశువులకు నొప్పి, బాధ ఉంటాయి కాబట్టి. బెల్జియన్ బ్లూ గుర్తుంది కదా, నాకైతే ఈ ఆలస్యం తప్పనిపించదు.

మొన్న సెలవుకి వెళ్లినప్పుడు ఇదంతా బావకి దొడ్డి దగ్గర నిలబడి చెప్పాను. బూరి కథకి నవ్వాడు, కోడి కథకి ఊఁ కొట్టాడు. గరోల్ గురించి చెప్పినప్పుడు మాత్రం ఆపి అడిగాడు, "రెండేస్తే మంచిదే గానీ బామ్మర్దీ, ఎండకాలం మేపెక్కడిది? తల్లికే లేకుంటే పాలెక్కడికెల్లి వస్తయ్?" కాసేపాగి, మందలోకి చెయ్యి చూపించి, "మన బోడిది యాదుందా? మూడీతల సంది జంటలే ఏస్తున్నది, రెండూ బతుకుతున్నయ్. దాని పిల్లను ఈసారి అమ్మలే, పొట్టేలుకు ఇడిసిన" అన్నాడు.